కడుపు మాడ్చుకుని పంపే పైసల గురించి ఒక మాట



ఈ వారం ఆకామా గురించి, జీతం బకాయిల గురించి కాకుండా తిండి గురించి రాస్తున్నా. "తిండి గురించి రాసేదేముంది, ఉంటే తింటం, లేకుంటే పస్తుంటం" అని పక్కకు జరపకండి. పది నిమిషాలు కేటాయించి చివరిదాకా చదవండి. మీ గదిలో ఎవరికో ఒకరికి పనికొస్తుంది. ఆ ఒకరు మీరే కావచ్చు.

కొన్నేళ్ల కింద మా క్యాంపు గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. ఊరి నుంచి ఒక తమ్ముడు కొత్తగా వచ్చి చేరాడు. ఏజెంటుకు కట్టిన అప్పు నెత్తి మీద ఉంది, మిత్తి నెలనెలా పెరుగుతోంది. రెండో నెలలోనే పొద్దున, మధ్యాహ్నం మెస్ వద్దన్నాడు. లేవగానే ఒక సులేమానీ చాయ్, మధ్యాహ్నం ఒక కుబ్బూస్, రాత్రికి మాత్రం మాతోపాటు అన్నం. "నాకు ఆకలి తక్కువ అన్నా" అనేవాడు. మేం నమ్మినం. నమ్మడం మాకూ సులువే కదా.

కొన్నాళ్లకు రాత్రిపూట తిండి మాయం కావడం మొదలైంది. పొద్దుటి టిఫిన్‌ కోసం దాచిన అన్నం, ఒకరి బ్రెడ్డు, ఇంకొకరి ఇంటి నుంచి వచ్చిన మామిడికాయ తొక్కు. ఎవరో తెలిసిపోయింది. "పిల్లి వచ్చింది, గిన్నెలు జాగ్రత్త" అని అతను వినేలాగ అనేవాళ్లం. నేను కూడా నవ్వాను.

ఒక రాత్రి నీళ్ల కోసం లేచి వంటగదికి వెళ్తే, లైటు కూడా వేయకుండా గిన్నెలోంచి చల్లన్నం గబగబా మింగుతున్నాడు. నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఆపుకుందామనుకుంటా అన్నా, ఆగట్లేదు" అన్నాడు. తర్వాత మెల్లగా మొత్తం చెప్పాడు. సైటు మీద పొద్దంతా తలలో తిండే తిరుగుతుందట. రాత్రి ఏం వండుతారు, అమ్మ పచ్చిపులుసు ఎట్లా చేసేది, బకాలాలో ఏ బిస్కెట్ ఎంత, ఇవే ఆలోచనలు. రాత్రి దొంగతనంగా తిన్నాక ఇంకో ఆలోచన మొదలు: "ఇంటికాడ అప్పు పెట్టుకుని నేనిక్కడ దొంగకూడు తింటున్న, నేనేం మనిషిని?" తెల్లారేదాకా అదే. దానికి శిక్షగా మర్నాడు ఇంకా తక్కువ తినడం. రాత్రికి మళ్లీ గిన్నె దగ్గరికి.

ఆ రోజు నేను నవ్వినందుకే ఇది రాస్తున్నా. నేను చెప్పదలుచుకున్నది ఒకటే. పొద్దంతా తిండి మీదే ధ్యాస పోవడం తిండిపోతుతనం కాదు, సిగ్గుపడాల్సిన సంగతీ కాదు. కడుపుకు తక్కువ పెడితే మనసు చేసే పని అది. దాని మీద "ఛీ, నేను ఇట్లాంటోణ్ణి" అనే ఆలోచనను రాత్రింబవళ్లు తిప్పుకుంటే, అది కొందరిలో నిజంగా జబ్బుగా మారుతుంది. తిట్టుకుంటే తగ్గదు. వేళకు తింటే, ఆ ఆలోచన తిరగడం ఆగితే తగ్గుతుంది.

ఇది నా సొంత పైత్యం కాదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944 నవంబరులో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక పరీక్ష మొదలుపెట్టాడు. యుద్ధం వల్ల ఆకలితో చిక్కిపోయిన జనానికి మళ్లీ ఎట్లా తిండి పెట్టి నిలబెట్టాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. తుపాకీ పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోదన్న 36 మంది యువకులు తమంతట తాము ముందుకొచ్చారు. అందరూ గట్టి ఆరోగ్యం ఉన్నవాళ్లు. మొదటి 12 వారాలు మామూలు తిండి పెట్టారు. తర్వాత 24 వారాలు దాదాపు సగానికి తగ్గించారు. రోజుకు రెండు పూటలు, సుమారు 1,570 కేలరీలు, ఎక్కువగా బంగాళాదుంపలు, రొట్టె, మాకరోనీ. దాంతోపాటు వారానికి 35 కిలోమీటర్ల నడక. ఒంటి బరువు దాదాపు పావు వంతు తగ్గింది.

ఒళ్లు తగ్గుతుందని అందరికీ తెలిసిందే. మనసుకు ఏమైందో చూడండి. ఆ యువకులు మాట్లాడితే తిండే, కలలో తిండే. ఎన్నడూ వంట చేయనివాళ్లు కూడా వంట పుస్తకాలు కూడబెట్టి కథల పుస్తకాల్లాగ చదివారు. ప్లేట్లు నాకేవారు. కొంచెం తిండిని నీళ్లలో కలిపి, గంటల తరబడి సాగదీసి తినేవారు. చిన్నదానికే కోపం, దిగులు, ఎవరితో కలవాలని లేకపోవడం. కొందరు ఆగలేక చాటుగా తిని, తర్వాత కుమిలిపోయారు. పరీక్ష అయిపోయి కావలసినంత తిండి దొరికాక కూడా, కొందరు పొట్ట పట్టనంత తిని ఇంకా ఆకలే అన్నారు. నెలల తరబడి అట్లాగే ఉంది.

వాళ్లు తిండిపోతులా? కాదు. ఆరు నెలల ముందు మనలాంటి మామూలు మనుషులే. తిండి తగ్గేసరికి మనసు తిండికి అతుక్కుపోయింది.

ఇప్పుడు మీ ఫోన్ తీసి చూడండి. రాత్రి పదకొండుకు మంచం మీద పడుకుని ఏం చూస్తున్నారు? ఎవరో పెద్ద గిన్నెలో మటన్ వండే వీడియో, ఇంకెవరో బగారా అన్నం ముందు పెట్టుకుని తినే వీడియో. ఒకటి అయ్యాక ఇంకొకటి. కడుపు నిండినవాడు సరదాకి చూస్తే వచ్చే నష్టమేం లేదు. రోజంతా కుబ్బూస్ ముక్కతో గడిపి, రాత్రి గంటసేపు అవే చూస్తుంటే మాత్రం, అది మిన్నెసోటా యువకుల వంట పుస్తకమే.

ఆకలి ఉన్నప్పుడు కన్ను, ముక్కు తిండి దిక్కే తిరుగుతాయి. బస్సులో పోతుంటే కేఫెటీరియా బోర్డులే కనపడతాయి. పక్కవాడి టిఫిన్ మూత తీసిన చప్పుడు దూరం నుంచే వినపడుతుంది. బతకడానికి ఒళ్లు చేసే హెచ్చరిక అది. దాన్ని మనసుతో నొక్కిపెడదామంటే కుదరదు. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దని మనవాళ్లు చెప్పే ముచ్చట తెలుసు కదా? తలచుకోవద్దన్న క్షణం నుంచి కోతే కనపడుతుంది. డానియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో దీన్నే పరీక్ష పెట్టి చూపాడు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని మనుషులకు చెప్పి కూర్చోబెట్టాడు. వాళ్లు ఆపుకోలేకపోయారు. తర్వాత ఆలోచించుకోవచ్చని వదిలేస్తే, ముందు ఆపుకున్నవాళ్లకే అది ఎక్కువగా వచ్చింది. అందుకే "తిండి గురించి ఆలోచించను" అని ఒట్టు పెట్టుకుంటే లాభం లేదు.

ఇక రెండో సంగతి, ఒకే ఆలోచనను తిప్పడం. పశువు గడ్డిని నెమరేస్తే అరుగుతుంది. మనిషి బాధను నెమరేస్తే పెరుగుతుంది. "నాకే ఎందుకిట్లా? ఆ రోజు ఆ ఏజెంటును నమ్మకుంటే ఎట్లుండేది? మళ్లీ తిన్న, నా బతుకింతే." ఇందులో ఆలోచన చాలా ఉంది, చేసే పని ఒక్కటీ లేదు. రేపు బ్యాంకుకు పోయి ఎంత కట్టాలో అడుగుతా అనుకుంటే అది ఆలోచన. అప్పు, అప్పు, అప్పు అని వెయ్యిసార్లు అనుకుంటే అది నెమరు.

సూసన్ నోలెన్-హోక్సెమా అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ నెమరు మీదే ఏళ్ల తరబడి పనిచేసింది. 2007లో ఆమె, ఆమె తోటివారు అచ్చువేసిన పరిశోధనలో 496 మంది అమెరికా అమ్మాయిలను నాలుగేళ్లు గమనించారు. బాధను ఎక్కువగా నెమరేసేవాళ్లలో, తర్వాతి ఏళ్లలో అదుపు తప్పి తినడం, దిగులు జబ్బు, మత్తు అలవాట్లు ఎక్కువగా మొదలయ్యాయి. తిండి జబ్బు లక్షణాలు ఉన్నవాళ్లలో మళ్లీ ఆ నెమరు పెరిగింది. అంటే ఒకదాన్ని ఒకటి మేపుతున్నాయి. వాళ్లు చదువుకునే వయసు ఆడపిల్లలు, మనం కష్టం చేసుకునే మనుషులం, నిజమే. కానీ మా తమ్ముడి రాత్రులు గుర్తు చేసుకుంటే నాకు అదే చక్రం కనపడుతుంది. తక్కువ తినడం, పొద్దంతా తిండి మీద ధ్యాస, రాత్రి అదుపు తప్పడం, తెల్లారేదాకా తిట్టుకోవడం, మళ్లీ తక్కువ తినడం. ఈ బాధను మింగడానికి మందు బాటిల్ పట్టుకున్నవాళ్లు కూడా మనకు తెలుసు.

"ఇవన్నీ డబ్బున్నోళ్ల జబ్బులు, సన్నబడాలనుకునే సినిమావాళ్లకు వస్తయి, కూలోనికి తిండి జబ్బేంది?" అని ఒక అన్న నన్ను అడిగాడు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. 2017లో అమెరికాలోని శాన్ ఆంటోనియో నగరం దగ్గర, ఉచితంగా సరుకులు పంచే కేంద్రాలకు వచ్చే 503 మందిని అడిగి చూశారు. ఇంట్లో తిండి కరువు ఎంత ఎక్కువుంటే, అదుపు తప్పి తినడం లాంటి లక్షణాలు అంత ఎక్కువగా కనిపించాయి. అంటే జేబు ఖాళీ ఉన్నవాణ్ణి ఈ జబ్బు వదిలిపెట్టదు. మన దగ్గర దాన్ని జబ్బు అని ఎవరూ పిలవరు, అంతే తేడా. పిల్లి అని పిలుస్తాం.

జబ్బు అని ఎప్పుడు అనుకోవాలి? డాక్టర్లు చూసేది ఇది. తక్కువ సమయంలో, మామూలు మనిషి తినేదానికంటే చాలా ఎక్కువ తినడం, మధ్యలో ఆపుకోలేకపోవడం. ఆకలి లేకున్నా తినడం, చాలా గబగబా తినడం, కడుపు నొప్పి పుట్టేదాకా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తిన్నాక తన మీద తనకే అసహ్యం. ఇట్లాంటివి వారానికి ఒకసారైనా, మూడు నెలలుగా జరుగుతుంటే డాక్టరుకు చెప్పాల్సిందే. దీన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని విడిగా ఒక జబ్బుగా గుర్తించింది. మూడు నెలలు నిండేదాకా ఆగమని నేను అనడం లేదు. ముందే చెప్పుకుంటే ముందే తగ్గుతుంది.

తిన్నదాన్ని వేళ్లు పెట్టి కక్కేవాళ్లు ఉంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగవద్దు. మాటిమాటికీ కక్కితే ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. ఈ ఎండల్లో చెమటతో ఒళ్లు ఎండిపోతూ, దానిపైన ఇది కూడా అయితే ప్రాణానికే ముప్పు. షుగరు మాత్రలు వేసుకుంటూ, ఇన్సులిన్ తీసుకుంటూ పూటలు ఎగ్గొట్టేవాళ్లకూ ఇదే మాట. చాలా రోజులుగా దాదాపు ఏమీ తినక బాగా చిక్కిపోయినవాళ్లు ఒక్కసారిగా పెద్ద భోజనం మీద పడవద్దు. ముందు డాక్టరుకు చూపించుకోండి.

ఇక అసలు ప్రశ్న. "తినకుంటే పైసలు మిగులుతయి, తింటే మిగలవు. నువ్వు కడతవా నా అప్పు?" న్యాయమైన ప్రశ్నే. మా తమ్ముడూ అదే అడిగాడు. ఇద్దరం కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. రెండు పూటల మెస్ మానుకుని మిగిల్చింది ఒకవైపు. రాత్రులు, సెలవు రోజు బకాలాలో, హోటల్లో అదుపు లేకుండా పెట్టింది ఇంకోవైపు. దాంతోపాటు కళ్లు తిరిగి పడి, పనికి పోక కోత పడిన రెండు రోజుల జీతం. మిగిలింది దాదాపు ఏమీ లేదు. మీ లెక్క వేరేగా ఉండొచ్చు, నేను కాదనను. కానీ ఒక నెల రాసి చూడండి. ఎత్తు మీద నిలబడి, మిషన్ పట్టుకుని పనిచేసే మనిషి మనసు తిండి దగ్గర ఉంటే, ఆ లెక్కలోకి చెయ్యి కూడా వస్తుంది, ప్రాణం కూడా వస్తుంది. ఖర్చు తగ్గించుకోండి, తప్పక తగ్గించుకోండి. కానీ మొదటి కోత కడుపు మీద పెట్టకండి.

మరి ఏం చేయాలి? ఈ జబ్బుకు వైద్యం చేసేవాళ్లు మొదట చెప్పేది పెద్ద మందు కాదు, వేళ. రోజుకు మూడు పూటలు, మధ్యలో రెండుసార్లు కొద్దిగా. తిండికి తిండికి మధ్య నాలుగు గంటలకు మించి ఎడం వద్దు. మూడు పూటలూ బిర్యానీ అక్కర్లేదు. పొద్దున కుబ్బూస్‌తో పప్పో, గుడ్డో. జేబులో నాలుగు ఖర్జూరాలు, గుప్పెడు పల్లీలు. మధ్యాహ్నం అన్నం, పప్పు. సాయంత్రం చాయ్‌తో ఏదో ఒకటి. రాత్రి అదుపు తప్పినా సరే, మర్నాడు పొద్దున తిండి మానవద్దు. చక్రం తెగేది అక్కడే. తప్పు చేసినట్టు అనిపించినా తినండి.

ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. ఆ విరామాన్ని పడుకోవడానికే వాడుకుంటాం. ముందు తిని, నీళ్లు తాగి, తర్వాత పడుకోండి.

తల తిరుగుడు మొదలైనప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: "ఈ ఆలోచన చివర నేను చేయగలిగే పని ఒకటైనా ఉందా?" ఉంటే కాగితం మీద రాసి, ఎప్పుడు చేస్తారో కూడా రాసి, పడుకోండి. లేకుంటే అది నెమరు. దాంతో వాదన పెట్టుకోకండి. లేచి చేతులకు, కళ్లకు పని చెప్పండి. బట్టలు ఉతకండి, క్యారమ్స్ ఆడండి, బయట పది నిమిషాలు నడవండి, పక్క మంచం మీది మనిషితో మాట్లాడండి. తిండి మీది కోరిక సగం కళ్లముందు మెదిలే బొమ్మతో నడుస్తుంది. కళ్లకు వేరే పని దొరికితే ఆ బొమ్మ మసకబారుతుంది. రాత్రిపూట వంట వీడియోలు ఒక వారం ఆపి చూడండి.

ఇండ్లల్లో పనిచేసే అక్కాచెల్లెళ్ల కష్టం వేరు. వండేది మీరు, తినే వేళ మీ చేతిలో ఉండదు. రోజంతా తిండి మధ్యలో నిలబడి పస్తుండడం కంటే నరకం లేదు. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పనివాళ్లకు తిండి పెట్టడం యజమాని బాధ్యత. అది దయ కాదు, మీ హక్కు. తిండి పెట్టకుంటే మన గ్రూపుకు ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. మీ పేరు బయటికి రాదు.

గదిలో ఉన్నవాళ్లం మనమూ కొన్ని పనులు చేయొచ్చు. పిల్లి, తిండిపోతు అనే మాటలు ఆపుదాం. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి రెండు మూడు నెలలు మెస్ పైసలు తర్వాత ఇచ్చే వెసులుబాటు పెడదాం. మా గదిలో అట్లా చేశాం, ఎవరూ ఎగ్గొట్టలేదు. "నాకు ఆకలి తక్కువ" అని ఎవరైనా అంటే మొదటిసారే నమ్మవద్దు, ఇంకోసారి అడుగుదాం. మనిషి ఒంటరిగా ఉంటూ, చిక్కిపోతూ, చచ్చిపోవాలని ఉందన్న మాట ఒక్కసారి అన్నా, ఆ రాత్రి ఒంటరిగా వదలవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోదాం, గ్రూపులో చెబుదాం. ఊళ్లో ఉన్న మనవాళ్లలో ఎవరికైనా ఇట్లాంటి బాధ ఉంటే, మన దేశ ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు చేయమనండి. పైసలు పడవు, తెలుగులో మాట్లాడతారు.

మా తమ్ముడు ఏమయ్యాడంటే, మెస్‌లో మూడు పూటలకూ పేరు రాయించుకున్నాడు. క్లినిక్‌లో డాక్టరుకు చెప్పుకున్నాడు. రెండు మూడు నెలలు పట్టింది. మధ్యలో కొన్ని రాత్రులు మళ్లీ గిన్నె దగ్గరికి పోయాడు, ఈసారి లైటు వేసుకుని. అప్పు అనుకున్నదానికంటే నాలుగు నెలలు ఆలస్యంగా తీరింది. కానీ తీరింది.

ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేస్తే మొదట అడిగేది "తిన్నవా బిడ్డా?" అనే. మనం తినకున్నా "తిన్ననమ్మా" అంటాం. ఇవాళ ఆ ఫోన్ వచ్చేలోపు తినండి. పక్క మంచం మీది మనిషినీ అడగండి.